టాప్ గేర్‌లో ఇంజిన్ అరుస్తోందా? ఏ స్ప్రాకెట్ మార్చాలి, ఎవరు మార్చకూడదు

హైవే ఎక్కి 80 దాటగానే ఎడమ కాలు తనకు తెలియకుండానే ఇంకో గేరు కోసం వెతుకుతుంది. ఉండదు. ఐదో గేరులోనే ఉన్నాం, ఇంజిన్ మాత్రం నాలుగులో ఉన్నట్టు అరుస్తోంది. అరచేతులు తిమ్మిరెక్కుతాయి, ఫుట్‌రెస్టుల మీద పాదాలు జివ్వుమంటాయి, అద్దంలో వెనక వచ్చే లారీ మసగ్గా రెండుగా కనిపిస్తుంది. చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా ఇలాగే వెళ్ళినవాడికి మెకానిక్ షెడ్డులో దొరికే సలహా ఒకటే: "ముందు స్ప్రాకెట్ ఒక పన్ను పెంచెయ్ అన్నా, బండి రిలాక్స్ అయిపోతది."

స్ప్రాకెట్ అంటే చైన్ చుట్టి తిరిగే పళ్ళ చక్రం: ముందుది ఇంజిన్ దగ్గర, వెనకది వెనక చక్రం దగ్గర ఉంటుంది. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ అన్ని బండ్లకూ పనిచేసే మందు కాదది. కొన్ని బండ్లకు ఆ ఒక్క పన్నుతో హైవే ప్రయాణమే మారిపోతుంది. కొన్నిటికి ఉన్న కాస్త పికప్ కూడా పోతుంది. మీరు వెళ్ళాలనుకునే స్పీడులో ఇంజిన్ దగ్గర ఇంకా ఎంత బలం మిగిలి ఉందో చూసుకుంటే, మీ బండి ఏ రకమో తేలిపోతుంది. స్ప్రాకెట్ మార్చినంత మాత్రాన కొత్త బలం పుట్టదు. ఉన్నదాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదే మారుతుంది.

పళ్ళ లెక్క

ఇంజిన్ నుంచి వెనక చక్రం దాకా వచ్చేలోపు వేగం మూడు చోట్ల మారుతుంది. క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) నుంచి క్లచ్‌కు వచ్చేటప్పుడు ఒకసారి, దీన్ని ప్రైమరీ అంటారు. గేర్‌బాక్స్‌లో రెండోసారి. చైన్ దగ్గర మూడోసారి. మొదటి రెండూ ఇంజిన్ విప్పితే తప్ప చేతికి రావు. మూడోది బయటే ఉంది, పానా ఉంటే చాలు. అందుకే అందరి కన్నూ దాని మీదే.

చైన్ దగ్గర నిష్పత్తి అంటే వెనక పళ్ళను ముందు పళ్ళతో భాగిస్తే వచ్చే అంకె. యమహా ఎఫ్‌జీ16నే తీసుకుందాం. 2008లో వచ్చిన ఈ 153 సీసీ బండి మన రోడ్ల మీద ఇప్పటికీ తిరుగుతోంది, పైగా ఈ గొడవకు సరిగ్గా సరిపోయే ఉదాహరణ. ముందు 14 పళ్ళు, వెనక 40. భాగిస్తే 2.857. ప్రైమరీ 3.409, ఐదో గేరు 0.875. మూడూ గుణిస్తే 8.52. అంటే టాప్ గేర్‌లో వెనక చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ఇంజిన్ ఎనిమిదిన్నర చుట్లు తిరగాలి. 140/60-17 టైరు చుట్టుకొలత సుమారు 1.88 మీటర్లు. 80 కిలోమీటర్ల వేగం అంటే నిమిషానికి 1333 మీటర్లు. ఆ నిమిషంలో చక్రం 707 సార్లు, ఇంజిన్ 6030 సార్లు తిరుగుతాయి. ఇంజిన్ నిమిషానికి తిరిగే ఈ చుట్లనే ఆర్‌పీఎం అంటారు. పళ్ళు మారిస్తే ఇలా ఉంటుంది:

| ముందు / వెనక | 60 కి.మీ. వేగంలో ఆర్‌పీఎం | 80 కి.మీ. వేగంలో ఆర్‌పీఎం |
|---|---|---|
| 13 / 40 | 4870 | 6490 |
| 14 / 40 (కంపెనీది) | 4520 | 6030 |
| 14 / 38 | 4300 | 5730 |
| 15 / 40 | 4220 | 5630 |

మనిషి బరువుకు టైరు కాస్త అణుగుతుంది కాబట్టి రోడ్డు మీద అసలు అంకెలు వీటికంటే కొంచెం ఎక్కువే ఉంటాయి. తేడాల లెక్క మాత్రం మారదు.

మీ బండికి ఇన్ని అంకెలు వెతకాల్సిన పని లేదు. టాప్ గేర్‌లో నిలకడగా 80లో వెళ్తూ ఆర్‌పీఎం మీటరు చూడండి. ఆ అంకెను ఇప్పుడున్న ముందు పళ్ళతో గుణించి, పెట్టబోయే పళ్ళతో భాగించండి. 14 నుంచి 15 అయితే 6.7 శాతం తగ్గుతుంది, 15 నుంచి 16 అయితే 6.25 శాతం. అంతే. ఒక పన్ను పెంచితే 6000లో అరిచే ఇంజిన్ 4000కు దిగిపోతుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. తగ్గేది నాలుగు వందలే.

ఇక్కడ 80నే ఎందుకు కొలతగా పట్టుకున్నానంటే, కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు వరుసల రోడ్డు మీద బైకులకు గరిష్ఠ వేగం అదే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి బైకుల్ని అసలు రానివ్వరు. కాబట్టి మన దగ్గర హైవే క్రూజింగ్ అంటే 75కీ 85కీ మధ్య జరిగే వ్యవహారం. 120లో ఆర్‌పీఎం ఎంత తగ్గుతుందన్న చర్చ వినడానికి బాగుంటుంది, వాడకానికి రాదు.

రూపాయి ఖర్చు లేకుండా తెలుసుకునే దారి

షాపుకు వెళ్ళే ముందు ఒక పని చేయండి. ఖాళీగా ఉన్న సమతల రోడ్డు మీద టాప్ గేర్‌లో 80లో కాసేపు, 75లో కాసేపు నడపండి. ఇప్పుడున్న 14 పళ్ళతో 75లో ఇంజిన్ ఎంత తిరుగుతుందో, రేపు 15 పెట్టాక 80లో దాదాపు అంతే తిరుగుతుంది. అంటే కొనకముందే ఆ ఆర్‌పీఎం ఎలా ఉంటుందో మీ చేతులకు తెలిసిపోతుంది. 75లో వైబ్రేషన్ స్పష్టంగా తగ్గి, చేతులు హాయిగా ఉంటే స్ప్రాకెట్ మార్చడంలో అర్థం ఉంది. 75లోనూ 80లోనూ ఒకేలా ఉంటే కొన్ని వందల రూపాయలు మిగిలాయి, వెళ్ళి టీ తాగండి.

ఇంకో రకం కూడా ఉంటుంది. చాలా సింగిల్ సిలిండర్ ఇంజిన్లకు ఒకానొక ఆర్‌పీఎం దగ్గర వైబ్రేషన్ ముదురుతుంది, దాని కిందా పైనా బాగానే ఉంటుంది. మీ బండికి ఆ పాయింటు సరిగ్గా 75 దగ్గర వస్తోందనుకోండి, స్ప్రాకెట్ పెంచితే అది వచ్చి 80 దగ్గర కూర్చుంటుంది. జబ్బును తగ్గించుకోబోయి మనకు ఇష్టమైన స్పీడులోకే తెచ్చుకున్నట్టు. ఈ పరీక్ష చేయకుండా మార్చి, "ఇంతకు ముందే నయం" అని తిరిగొచ్చేవాళ్ళలో చాలామందికి జరిగేది ఇదే.

ఈ పరీక్ష వైబ్రేషన్ సంగతి చెబుతుంది, బలం సంగతి చెప్పదు. బలానికి వేరే పరీక్ష ఉంది. టాప్ గేర్‌లో 80లో వెళ్తూ ఒక ఫ్లైఓవర్ ఎక్కండి. యాక్సిలరేటర్ ఇంకొంచెం తిప్పగానే స్పీడు నిలబడితే మిగులు ఉన్నట్టు. పూర్తిగా తిప్పినా ముల్లు 72కు జారిపోతుంటే మీ బండి ఇప్పటికే తన శక్తి చివర ఉంది. దానికి పన్ను పెంచడం అంటే ఐదో గేరును అలంకారానికి పెట్టుకోవడమే.

గాలి ఎంత తింటుంది

నిటారుగా కూర్చున్న ఒక్క మనిషితో మామూలు బైకు 80లో వెళ్ళాలంటే గాలిని తోసుకోవడానికి, టైర్ల రాపిడికి కలిపి వెనక చక్రం దగ్గర స్థూలంగా ఆరున్నర హార్స్‌పవర్ కావాలి. 100లో వెళ్ళాలంటే పన్నెండు దాకా కావాలి. స్పీడు పావు వంతు పెరిగేసరికి అవసరం దాదాపు రెట్టింపయింది, ఎందుకంటే గాలి కోసం కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. ఏ గేరులో ఉన్నా, ఏ స్ప్రాకెట్ పెట్టినా ఈ ఖర్చు మారదు.

ఇప్పుడు 100 సీసీ బండిని చూడండి. స్ప్లెండర్ లాంటి ఇంజిన్ ఇచ్చేది 8 హార్స్‌పవర్, అదీ 8000 ఆర్‌పీఎం దగ్గర. చైన్ దాటి చక్రానికి చేరేసరికి ఇంకొంత పోతుంది. 80లో వెళ్ళడమంటే దానికి ఉన్నదంతా పెట్టడమే. ఆర్‌పీఎం తగ్గిస్తే ఆ ఉన్నది కూడా చేతికి రాదు. అందుకే 100, 110 సీసీ బండ్లకు నా సలహా సూటిగా ఒకటే: ముట్టుకోకండి. హైవే మీద 60, 65లో వెళ్ళండి, ఇంజినూ బాగుంటుంది, మైలేజూ వస్తుంది. 125 సీసీ కూడా చాలామటుకు ఈ కోవలోకే వస్తుంది. ఎప్పుడూ ఒక్కరే, లగేజీ లేకుండా, చదునైన రోడ్డు మీదే తిరిగేవాళ్ళు తప్ప వాటి జోలికి పోకపోవడమే మంచిది.

ఎఫ్‌జీ16 దగ్గరికి వస్తే వ్యవహారం సరిహద్దు మీద ఉంటుంది. ఆ ఇంజిన్ గరిష్ఠంగా 14 పీఎస్ (దాదాపు అన్నే హార్స్‌పవర్) ఇస్తుంది, 7500 దగ్గర. టార్క్, అంటే తిప్పే బలం, ఎక్కువగా వచ్చేది 6000 దగ్గర. పైన పట్టిక చూడండి, కంపెనీ స్ప్రాకెట్‌తో 80లో ఇంజిన్ సరిగ్గా అక్కడే తిరుగుతోంది. యమహా వాళ్ళు ఊరికే పెట్టలేదు ఆ 14ను. 15 పెట్టి 5630కు దించితే చక్రం దగ్గర తొమ్మిది హార్స్‌పవర్ పైచిలుకు దొరుకుతుంది. కావలసింది ఆరున్నర. గాలి లేని ఉదయం పూట హాయిగా సాగిపోతుంది. అదే బండి ఒంగోలు, నెల్లూరు మధ్య 20 కిలోమీటర్ల వేగంతో ఎదురుగాలి వచ్చిన రోజున 80లో ఉండాలంటే దాదాపు తొమ్మిదిన్నర అడుగుతుంది. ఉన్నదంతా అక్కడికే అయిపోయింది. నాలుగో గేరుకు దిగాల్సిందే. దిగితే ఇంజిన్ ఇంతకు ముందు కంటే ఎక్కువే అరుస్తుంది, ఎందుకంటే 15 పళ్ళతో నాలుగో గేరు కంపెనీ ఐదో గేరు కన్నా పొట్టిది, అంటే అదే వేగానికి ఇంజిన్ ఎక్కువ తిరగాలి.

అందుకే 150, 160 సీసీ బండ్ల వాళ్ళకు నేను అడిగే ప్రశ్న: వెనక ఎవరైనా కూర్చుంటారా? ఎప్పుడూ సింగిల్‌గా, విజయవాడ నుంచి ఏలూరు, ఏలూరు నుంచి రాజమండ్రి అంటూ తిరిగే ఉద్యోగానికి 15 బాగానే పనికొస్తుంది. శనివారం భార్యాపిల్లలతో తిరుమల ఘాట్ ఎక్కే బండి అయితే కంపెనీ పళ్ళే ఉంచుకోండి. ఆర్‌పీఎం తగ్గిన 6.7 శాతమే ప్రతి గేరులోనూ లాగుడులోంచి కూడా పోతుంది. మొదటి గేరులో, ఎత్తు మీద, డబుల్స్‌తో బండిని కదిలించేటప్పుడు ఆ తేడా హాఫ్ క్లచ్ రూపంలో కనిపిస్తుంది. క్లచ్ ప్లేట్ల ఖర్చు స్ప్రాకెట్ ఖర్చుకు చాలా రెట్లు.

ముందు పెంచాలా, వెనక తగ్గించాలా

నిష్పత్తి ఒకటే అయినా రెండూ ఒకటి కావు. 14/40 బండికి ముందు ఒక పన్ను పెంచడం, వెనక ఇంచుమించు మూడు పళ్ళు తగ్గించడం దాదాపు సమానం. ముందుది చిన్న ముక్క, కొన్ని వందల్లో వస్తుంది, వెనక చక్రం ఊడదీయకుండానే మారిపోతుంది, నచ్చకపోతే ఇంకో ఆదివారం పాతది పెట్టుకోవచ్చు. వెనకది ఖరీదు ఎక్కువ, చక్రం విప్పాలి. కానీ వెనక ఒక సుఖం ఉంది. ముందు ఒక పన్ను అంటే ఏకంగా ఆరేడు శాతం దూకాలి, మధ్యలో మెట్టు లేదు. వెనక రెండు పళ్ళు తగ్గిస్తే 5 శాతం, మూడు తగ్గిస్తే 7.5. మీ బండికి 15 ఎక్కువైపోతుంది, 14 చాలదు అనిపిస్తే 14/38 మధ్యేమార్గం.

చైన్ పరంగా ముందు పెంచడమే మేలు. చిన్న స్ప్రాకెట్ చుట్టూ తిరిగేటప్పుడు చైన్ లింకులు ఎక్కువ వంగాలి. పెద్దదైతే ఆ వంపు తగ్గుతుంది. వెనక స్ప్రాకెట్ చిన్నదైతే అదే లాగుడుకు చైన్ మీద బిగువు పెరుగుతుంది. అంటే రెండు దారుల్లోనూ ఆర్‌పీఎం ఒకేలా తగ్గినా చైన్ ఎక్కువ కాలం మన్నేది ముందు పెంచినప్పుడే.

చైన్ పొడవు సంగతి చాలామంది మర్చిపోతారు. ముందు ఒక పన్ను పెరిగితే చైన్ సుమారు అర లింకు ఎక్కువ కావాలి, అంటే వెనక ఇరుసు మూడు నాలుగు మిల్లీమీటర్లు ముందుకు జరగాలి. సాగిన పాత చైన్ ఉన్న బండికి ఇది సులువు. కొత్త చైన్ వేసి, ఇరుసు ఇప్పటికే ముందుకు ఆనుకుని ఉంటే జరగడానికి చోటు ఉండదు. వెనక మూడు పళ్ళు తగ్గిస్తే దీనికి తిరగబడుతుంది, ఒకటిన్నర లింకు వదులు వస్తుంది. ఇరుసు వెనక్కి లాగాలి, అక్కడ చోటు అయిపోతే లింకులు కోయాలి. చైన్‌లో లింకులు ఒకటొకటిగా తీయలేం, లోపలిదీ బయటిదీ జతగా రెండు తీయాలి.

కొనేటప్పుడు చైన్ నంబరు చెప్పండి. 428లో మొదటి అంకె 4 అంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అంగుళంలో ఎనిమిదింట నాలుగు వంతులు, అంటే అర అంగుళం. 520లో అది ఎనిమిదింట అయిదు. 428 చైన్‌కు 520 స్ప్రాకెట్ కూర్చోదు. షాపులో పళ్ళ సంఖ్య ఒక్కటే చెప్పి తెచ్చుకుంటే తిరిగి వెళ్ళాల్సి వస్తుంది.

అరిగిపోయిన చైన్ మీద కొత్త స్ప్రాకెట్ పెట్టడం డబ్బు దండగ. పాత చైన్ కొత్త పళ్ళను కొన్ని వేల కిలోమీటర్లలోనే వంకీలు తిప్పేస్తుంది. పళ్ళ కొనలు ఒక పక్కకు వాలి కొక్కేల్లా కనిపిస్తుంటే పూర్తి చైన్ సెట్ మార్చే రోజు దాకా ఆగి, అప్పుడే పళ్ళూ మార్చుకోండి. ప్రయోగం చేయడానికి సరైన సమయం అదే.

టైరు, గేర్‌బాక్స్: రెండు మాటలు

వెనక ఎత్తు టైరు వేసినా ఆర్‌పీఎం తగ్గుతుంది. 140/60 తీసి 140/70 వేస్తే వ్యాసం సుమారు 4.7 శాతం పెరుగుతుంది. కానీ సీటు ఎత్తు, వంపుల్లో బండి తిరిగే తీరు, మడ్‌గార్డ్‌కూ చైన్‌కూ మధ్య సందు, అన్నీ మారతాయి. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న బండ్లలో ముందు, వెనక చక్రాల వేగాల్ని కంప్యూటర్ పోల్చి చూస్తుంటుంది. ఒక చక్రం సైజు మారితే దాని లెక్క తప్పుతుంది. స్ప్రాకెట్‌తో ఆ బెడద లేదు. ఆర్‌పీఎం కోసమే టైరు మార్చకండి.

గేర్‌బాక్స్ లోపలి పళ్ళు మార్చడం పాత బుల్లెట్ ప్రియులకు వదిలేద్దాం. నాలుగు గేర్ల పాత బాక్స్ తీసి ఐదు గేర్లది బిగించుకునే ముచ్చట వాళ్ళది. రోజువారీ బండికి ఆ ఖర్చు దేనికీ సరిపోదు.

పెద్ద ఇంజిన్ల దగ్గర

373 సీసీ కేటీఎం డ్యూక్ 390కి బలం కొరత లేదు. ముందు 15, వెనక 45. ఆరో గేరులో మొత్తం నిష్పత్తి 6.72 కాబట్టి 100లో దాదాపు 5830. 16 పెడితే 5460. ఎదురుగాలి వచ్చినా, వెనక మనిషి ఉన్నా దాని దగ్గర మిగులు ఉంటుంది. మరి పెట్టేయొచ్చా అంటే, దాని ఇబ్బంది కింది చివర ఉంది. ఈ ఇంజిన్‌కు తక్కువ ఆర్‌పీఎంలో నడవడం ఇష్టం ఉండదు, 3500 కింద చైన్‌ను టకటకా గుంజుతూ కుదుపులు ఇస్తుంది. కంపెనీ పళ్ళతో ఆరో గేరులో 3500 అంటే 60 కిలోమీటర్ల వేగం. 16తో అది 64 అవుతుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో మొదటి గేరులో 3000 దగ్గర పాకేటప్పుడు 16 కిలోమీటర్లున్న వేగం 17 దాటుతుంది. కాగితం మీద చిన్న తేడా. బంపర్‌కు బంపర్ ఆనిన చోట మాత్రం క్లచ్ వేలికి బాగానే తెలుస్తుంది. అందుకే సిటీలో తిరిగే డ్యూక్ ఓనర్లు కొందరు తలకిందులుగా వెళ్ళి 14 పెట్టుకుంటారు. అప్పుడు 100లో 6240, కానీ ట్రాఫిక్‌లో మెత్తగా వెళ్తుంది. వారమంతా సిటీ, నెలకోసారి హైవే అయితే వాళ్ళదే సరైన లెక్క.

రాయల్ ఎన్‌ఫీల్డ్ 350ల కథ వేరు. 2020 చివర్లో మీటియర్‌తో వచ్చిన 349 సీసీ ఇంజిన్ 27 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 4000 దగ్గరే ఇస్తుంది, వైబ్రేషన్‌ను అణచడానికి లోపల బ్యాలెన్సర్ షాఫ్ట్ కూడా ఉంది. అది ఇప్పటికే నింపాదిగా తిరిగే ఇంజిన్. దానికి ఇంకా ఆర్‌పీఎం తగ్గిస్తే 60, 65లో టాప్ గేర్ పనికిరాకుండా పోతుంది, అంతకు మించి ఒరిగేది తక్కువ. అంతకు ముందరి 346 సీసీ ఇంజిన్‌కు బ్యాలెన్సర్ లేదు. 80, 90 మధ్య అద్దాలు వణికే బండి అదే. దిగువన లాగుడు కూడా దండిగా ఉంటుంది. ఈ వ్యాసంలో చెప్పిన బండ్లన్నిటిలో ముందు ఒక పన్ను పెంచడం వల్ల నిజంగా బాగుపడేది ఏదని అడిగితే ఆ పాత 350 పేరే చెబుతాను. అయితే ఏళ్ళు గడిచిన బండ్లు కదా, ఎవరు ఏం మార్చి ఉంటారో తెలియదు. ముందు కవరు విప్పి ఇప్పుడు ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టండి.

అమెరికాలో ఉండే మనవాళ్ళకు కవాసాకీ కేఎల్ఆర్650 పరిచయమే ఉంటుంది. 1987లో వచ్చిన ఐదు గేర్ల బండి, ముందు 15, వెనక 43. ఇంటర్‌స్టేట్ మీద గంటకు 105 కిలోమీటర్లంటే సుమారు 4490 తిరుగుతుంది, 16 పెడితే 4210. అక్కడ చాలామంది ఓనర్లు రెండు ముందు స్ప్రాకెట్లు దగ్గర పెట్టుకుంటారు. మట్టి దారులకు 14, సుదూర ప్రయాణానికి 16. చైన్ అదే, ఇరుసు మాత్రం కాస్త ముందుకీ వెనక్కీ. మన దగ్గరా 400 సీసీ దాటిన అడ్వెంచర్ బండ్లున్న వాళ్ళకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది.

మీటరు ఏం చెబుతుంది

స్పీడోమీటర్ సమాచారం ఎక్కడి నుంచి వస్తోందో ముందే చూసుకోండి. ముందు చక్రం దగ్గర కేబుల్ గానీ సెన్సర్ గానీ ఉంటే స్ప్రాకెట్ మార్చినా మీటరులో మార్పు రాదు. సెన్సర్ గేర్‌బాక్స్ బయటి షాఫ్ట్ దగ్గర ఉంటే మాత్రం, ముందు పళ్ళు పెంచాక మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది. మీరు 80 అనుకుంటారు, స్పీడ్ గన్ 85 అంటుంది. కిలోమీటర్లు కూడా తక్కువ పడతాయి కాబట్టి మైలేజ్ తగ్గినట్టు కనిపిస్తుంది. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని ఒకసారి సరిచూసుకోండి. ఆర్‌పీఎంనూ వేగాన్నీ పోల్చి గేరు నంబరు లెక్కకట్టే బండ్లలో ఆ అంకె కూడా తడబడవచ్చు.

మైలేజ్ గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఆర్‌పీఎం 7 శాతం తగ్గితే పెట్రోలు 7 శాతం తగ్గదు, ఎందుకంటే గాలి ఖర్చు అలాగే ఉంది. ఇంజిన్ లోపలి రాపిడిలో కొంత మిగులుతుంది, అంతే. నిలకడగా హైవే మీద వెళ్ళేవాళ్ళకు స్వల్పంగా కలిసొస్తుంది. సిటీలో ఎక్కువసార్లు గేరు దించుతూ, హాఫ్ క్లచ్‌లో తిరిగితే ఉన్నది కూడా పోతుంది.

బిగించేటప్పుడు

ముందు స్ప్రాకెట్ కవరు తీయగానే లోపల చైన్ స్ప్రే, దుమ్ము కలిసి నల్లటి ముద్దలా పేరుకుని ఉంటుంది. మెకానిక్ దాన్ని స్క్రూడ్రైవర్‌తో గీకి కిరోసిన్‌తో కడగకుండా కొత్తది పెట్టబోతే ఆపండి. పెద్ద స్ప్రాకెట్ చుట్టూ చైన్ బయటికి జరుగుతుంది, ఆ ముద్దకో, కవరు లోపలి అంచుకో, కేసింగ్‌కో తగలవచ్చు. కవరు బిగించక ముందే బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి వెనక చక్రాన్ని చేత్తో నాలుగైదు చుట్లు తిప్పి చూడండి. ఎక్కడైనా గీసుకుంటున్న శబ్దం వస్తే ఆ స్ప్రాకెట్ మీ బండికి కాదు.

చిన్న బండ్లలో స్ప్రాకెట్‌ను రెండు బోల్టుల లాక్ ప్లేట్ పట్టి ఉంచుతుంది. పెద్ద బండ్లలో ఒకే పెద్ద నట్టు, దాని కింద మడత వాషర్ ఉంటాయి. ఆ నట్టును చైన్ వదులు చేయక ముందే, వెనక బ్రేక్ నొక్కి పట్టి విప్పాలి. వాషర్ మడత కొత్తగా మళ్ళీ వంచాలి. పాత మడత పగులుతుంటే కొత్త వాషర్ వేయించండి. చైన్ వదులు ఎంత ఉండాలో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. చక్రాన్ని తిప్పుతూ నాలుగు చోట్ల కొలిచి, అన్నిటికంటే బిగువుగా ఉన్న చోట ఆ కొలత ఉండేలా సరిచేయాలి. చైన్ ఎక్కడా సమానంగా సాగదు.

వారంటీలో ఉన్న బండి అయితే ముందు సర్వీస్ సెంటర్‌లో అడిగి, వాళ్ళు చెప్పేది జాబ్ కార్డు మీద రాయించుకోండి. వారంటీ అయ్యేదాకా ఆగగలిగితే ఇంకా మంచిది.

పాత స్ప్రాకెట్‌ను పారేయకండి. నూనె గుడ్డలో చుట్టి ఇంట్లో ఉంచుకుంటే, శ్రీశైలం ఘాట్‌కు డబుల్స్‌లో బయలుదేరే ముందు రోజు తిరిగి అదే పెట్టుకోవచ్చు. మార్చిన ప్రతిసారీ మొదటి 100 కిలోమీటర్ల తర్వాత లాక్ ప్లేట్ బోల్టులు, ఇరుసు నట్టు, చైన్ వదులు ఒకసారి చూసుకోండి.